ఖాళీ స్టేడియంలో జపాన్ ఆటగాడి ఇంటిపేరు

జర్మనీలో మేముండే ఊరి స్టేడియం మా బాల్కనీ నుంచి సగం కనిపిస్తుంది. మా ఊరి ఫుట్‌బాల్ జట్టుకి తొమ్మిదేళ్లు మిడ్‌ఫీల్డులో ఆడిన జపాన్ ఆటగాడికి ఈ మధ్యాహ్నం ఆఖరి మ్యాచ్. గోలు కొట్టినవాళ్ల ఫొటోలు పేపర్లో పడ్డాయి గానీ, వాళ్ల కాళ్ల దగ్గరికి బంతి చేర్చింది ఇతనే. కరోనా అని ఆట చూడడానికి ఒక్కరినీ రానివ్వలేదు.

ఇక్కడ ఒక ఆనవాయితీ ఉంది. మైకులో ఆటగాడి పేరు పిలిచి ఆగుతారు, జనమంతా అతని ఇంటిపేరు అరుస్తారు. ఆట ముగిసేముందు ఇతన్ని బయటికి పిలిచారు. మైకువాడు అలవాటుగా పేరు పిలిచి ఆగాడు. అందుకోవడానికి ఎవరూ లేరు. అతను తల దించుకుని నడుస్తున్నాడు.

నేను ఒకరి కోసం అరిచే రకం కాదు. అయినా లేచి నిలబడి, ఆ ఇంటిపేరు గట్టిగా అరిచాను.

"ఏమయ్యా, ఇవాళ ఆదివారం, ఇక్కడ గోల చేయకూడదు. పక్కింటామె పోలీసుల్ని పిలుస్తుంది," అంది మా ఆవిడ.

"పిలవనీ. తొమ్మిదేళ్లు పరిగెత్తిన మనిషి, ఉత్తినే వెళ్లిపోవాలా?"

అతను ఆగాడు. మా బాల్కనీ వైపు తిరిగి నడుము దాకా వంగాడు. మైకువాడు మళ్లీ పేరు పిలిచాడు. ఈసారి నాకంటే ముందు మా ఆవిడే అరిచింది. టీవీలో ఫుట్‌బాల్ పెడితే లేచి పక్కగదిలోకి వెళ్లిపోయే మనిషి.

ఇప్పుడు ఇద్దరికీ గొంతు బొంగురుపోయింది. ఫోన్లు చేయకండి. మీరైతే అరిచేవాళ్లా, కాదా, ఈ పోస్టు కిందే రాయండి.