తెర వెనక దగ్గు

మొన్న ఖమ్మంలో సెల్‌ఫోన్ కవరుకు బేరమాడుతుంటే, దుకాణంలోని అమ్మాయి "అమ్మతోడు అంకుల్, గిట్టదు" అంది. ఇంకా దిగే బేరమే. ఆమె కళ్లలో తెలుస్తూనే ఉంది. అయినా నోరు మూసుకుని అడిగినంతా ఇచ్చి వచ్చాను. సంగతి విని మా ఆవిడ నా నుదురు తాకి చూసింది, జ్వరమేమోనని.

ఎనభైల్లో మణుగూరు అడవుల పక్కన మాకు బట్టల కొట్టు ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్య తెరగా ఒక గళ్ల దుప్పటి. సంతనాడు కొత్త గుడ్డల గంజి వాసనా, అడవి పల్లెలవాళ్ల బుట్టల్లోని ఇప్పపువ్వు వాసనా కలిసి తల తిరిగేది. చీర మడత విప్పానంటే నా నోట అమ్మతోడు రావలసిందే. మా నాన్న అనేవాడు, ఎదురు కొట్టాయనా అనేవాడు. కత్తెరలాగా, గజంబద్దలాగా అదీ కొట్టు సామానే అనుకున్నాను. నేను అన్నప్పుడల్లా తెర వెనక బియ్యం చెరుగుతూ అమ్మ దగ్గేది. రాత్రి అన్నం పెడుతూ, "ఇయాల ఎన్నిసార్లు సంపినవురా నన్ను?" అనేది. "చీరకొకసారేనే" అని నవ్వేవాణ్ణి.

ఒక వానాకాలం ఆమెకు చలిజ్వరం వచ్చింది. మధ్యాహ్నానికి మాట తడబడింది. భద్రాచలం తీసుకుపోదామని సెంటరుకు పరుగెత్తాను. ఉన్నది ఒక్క జీపు; మనుషులు నిండితే గాని కదలదు. అంతకుముందు బట్టల మూటలు చేర్చడానికి ఆ డ్రైవరును తొందరపెడుతూ ఎన్ని దొంగ ఒట్లు వేసి ఉంటానో.

"అన్నా, జల్దీ పోనియ్యి. దవాఖానాకు పోవాలె. అమ్మతోడు, మా అమ్మకు బాగలేదు."

అతను బీడీ ముట్టించాడు. "పోయిన సంతకు గూడ గిట్లనే అంటివి గద సావుకారీ. మూటలు యాడున్నయ్?"

జీపులో కూర్చున్నవాళ్లు నవ్వారు. అదే మాట మళ్లీ అన్నాను, ఇంకా గట్టిగా. నా దగ్గర వేరే మాట లేదు. వాళ్లూ ఇంకా గట్టిగా నవ్వారు. చివరికి జీపు కడ్డీ పట్టుకుని నిలబడిపోయాను. నేను నోరు మూసుకోవడం అతను ఎన్నడూ చూసి ఉండడు. నా ముఖంలోకి చూసి, బీడీ పారేసి, "దిగుండ్రి" అన్నాడు వాళ్లతో.

అమ్మ బతికింది. ఇంటికొచ్చాక మొదటి సంతకే, చీర మడత విప్పుతున్న నా నోరు దానంతటదే "అమ్మతోడు" అనేసింది. ఉలిక్కిపడి తెరవైపు చూశాను. వెనక చేట చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది. దగ్గు మాత్రం రాలేదు.

కొట్టు పోయింది, అమ్మా పోయింది. ఇన్నేళ్లు గడిచినా, ఎవరి నోట ఆ మాట విన్నా, ఆనాడు రాని దగ్గు కోసం కాసేపు ఆగుతాను.