కుండల తాతకు డీ టైరు ఇచ్చినందుకు

డిగ్రీ అయిపోయి ఉద్యోగం రాని ఆ రోజుల్లో ఆత్మకూరులో నాకంటూ ఒక హోదా ఉండేది. మా గుంపంతా ఫోన్లలో ఆడే ఫైటింగు గేములో ఎవడు బలవంతుడో, ఎవడు దండగో తేల్చే పెద్దమనిషిని నేనే. గేములోని ఇరవై మంది యోధులనూ బలాన్ని బట్టి వరసలు కట్టి, చార్టు మీద రాసి, బస్టాండు దగ్గర బాబాయి సెల్‌ఫోన్ల దుకాణంలో అంటించాను. అందరికన్నా పైన ఎస్ టైరు, దాని కింద ఏ, బీ, సీ, అట్టడుగున డీ. ("టైర్ల లిస్టా? లారీవా, బైకువా?" అన్నాడు బాబాయి. అరగంట వివరించాను. "సరే, గోడ ఖరాబు చెయ్యబాక" అన్నాడు.) డీలో ఉన్నది ఒక్కడే, కుండల తాత. నత్త నడక, చేతిలో మట్టికుండ.

ఆ ఏడు బాబాయి పోటీ పెట్టి, గెలిచినవాళ్ళను నెల్లూరులో పెద్ద పోటీకి తనే తీసుకుపోతానన్నాడు. ఇంట్లో నా ఆటకు విలువ రావాలంటే అదొక్కటే దారి. అందుకని ముందే 'ఆత్మకూరు ఛాంపియన్' అని టీషర్టు మీద అచ్చు వేయించుకున్నాను. ("గెలిచినాక గదరా రాయించేది?" అన్నాడు నాయన. ఆయనకు గేముల సంగతి తెలియదని జాలిపడ్డాను.)

నేను ఫైనలుకు చేరి ఆ టీషర్టుతో ఫోటోలు దిగుతుండగా, సీతారామపురం నుంచి వాళ్ళమ్మతో వచ్చిన ఒక ఇంటర్ పిల్ల అందరినీ ఓడించి ఫైనలుకు వచ్చింది. నా ఎదుట కూర్చుని కుండల తాతను ఎంచుకుంది.

"అమ్మాయ్, చార్టు చూడలేదా? వాడు డీ టైరు" అన్నాను దయగా.

"చూసినానన్నా. మా ఊళ్ళో సిగ్నల్ ఏడుండాది? నా ఫోన్లోకి ఈయనొక్కడే డౌన్‌లోడై దిగినాడు. ఏడాదిగా ఈయన్తోనే ఆడతా ఉండా."

నేను ఎస్ టైరు రెక్కల వీరుణ్ణి తీసుకున్నాను. పైకి ఎగిరితే పైన కుండ, కిందికి దిగితే కింద కుండ. మూడు నిమిషాల్లో ముగిసింది. "అయిపోయిందా? పా, బస్సు పోతది" అంది వాళ్ళమ్మ. ఆ పిల్ల లేస్తూ, "నువ్వు ఎగిరేముందు ప్రతిసారీ ఊపిరి గట్టిగా పీలుస్తావన్నా. అది వింటానే కుండ వేసినా" అంది.

టీషర్టు తిరగేసి తొడుక్కుని ఇంటికి పోయాను.

మర్నాడు బాబాయి పిలిచాడు. "ఆ పిల్లకు మిగతా పందొమ్మిది మంది సంగతి తెలవదంట. అన్నీ తెలిసినోడివి నువ్వుండావు గదరా, పోయి నేర్పు." ఎగతాళేమో అనుకున్నాను, కాదు. నెలన్నర పాటు ప్రతి ఆదివారం, గేమంతా ఎక్కించిన రెండు ఫోన్లు పట్టుకుని, ఉదయగిరి మీదుగా సీతారామపురం బస్సెక్కాను. ఒక్కొక్క యోధుణ్ణీ నేను ఆడి చూపించడం, రెండో ఆటకే ఆమె నన్ను ఓడించడం. వింతేమిటంటే, ఆ ఓటములు నాకు తియ్యగా ఉండేవి.

నెల్లూరులో ఆమెకు మూడో స్థానం వచ్చింది. పేరు చదవగానే వాళ్ళమ్మకన్నా గట్టిగా అరిచింది నేనే. గొంతు పూర్తిగా పోయి, రెండు రోజులు మాట పెగల్లేదు. ఇరవై రెండేళ్ళ ఆ సర్వజ్ఞుడు ఎవరికీ ఏమీ వివరించకుండా గడిపిన రోజులు, నాకు గుర్తున్నంతవరకు, ఆ రెండే.