దమ్మామ్‌కు వచ్చిన ఓటీపీ

మా వైపు గల్ఫ్‌కు పోయే ప్రతివాడూ ఒక ఘనకార్యం చేసి మరీ విమానం ఎక్కుతాడు. ఇంటిల్లిపాది ఆధార్‌కూ తన నంబరే ఇచ్చేస్తాడు. ఆడవాళ్లకు ఇవన్నీ ఎందుకని మా ధీమా. నేనూ అలాగే ఇచ్చి, ఆ సిమ్ముతోనే సౌదీలోని దమ్మామ్ వచ్చాను.

ఆ రోజు చాయ్ తాగే వేళకు, నేను పనిచేసే గోదాము గేటు దగ్గర లాకర్‌లోంచి ఫోన్ తీశానో లేదో, మా ఆవిడ కాల్ వచ్చింది. ఊళ్లో మీసేవ నుంచి చేస్తోంది. తెల్లవారితే కరీంనగర్‌లో ఆమె కడుపులో గడ్డకు ఆపరేషన్. ఆరోగ్య కార్డుకు ఆధార్ సరిచూడటం ఆ సాయంత్రానికల్లా కాకపోతే వాయిదా వేస్తారు. ఆలస్యమైతే ప్రమాదమని డాక్టరు ముందే చెప్పాడు.

"వేలు పడ్తలేదయ్యా. పది వేళ్లు పెట్టి చూసిన," అంది.

ఎలా పడుతుంది? చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టీ చుట్టీ ఆమె వేళ్ల గీతలు ఎప్పుడో అరిగిపోయాయి.

మీసేవ అతను ఫోన్ అందుకున్నాడు. "అన్నా, ఓటీపీ నీ నంబర్‌కే పోతది. రెండుసార్లు టైమైపోయింది. ఇంకోసారి తప్పితే ఇయ్యాల్టికి బంద్."

సౌదీ సిమ్ము పలుకుతోంది గానీ ఇండియా సిమ్ముకు సిగ్నల్ లేదు. ఒళ్లు మండిపోయింది. "ఆగు తమ్మీ, నేను మళ్ల చేసేదాంక నొక్కకు," అని కాల్ కట్ చేసి, సిగ్నల్ కోసం ఫోన్ స్విచాఫ్ చేసి మళ్లీ ఆన్ చేశాను.

ఇంతలో చాయ్ వేళ అయిపోయిందని లోపల బెల్లు మోగింది. గేటు కాపలా ఉండే పాకిస్తానీ, ఫోన్ మళ్లీ లాకర్‌లో పెట్టడానికి చెయ్యి చాచాడు.

"బీవీ కా ఆపరేషన్ హై, భాయ్," భార్యకు ఆపరేషన్ అని బతిమాలాను.

అతను చెయ్యి వెనక్కి తీసుకుని, నన్ను చూడనట్టు అటు తిరిగి నిలబడ్డాడు.

ఇండియా సిమ్ము సిగ్నల్ ఒక్క గీత చూపించింది. కాల్ చేసి, "ఇప్పుడు పంపు," అన్నాను. మెసేజ్ రాలేదు. దేవుడా, ఈ ఒక్కసారికి రానీ అనుకున్నాను. అప్పుడు వచ్చింది. అంకెలు ఒక్కొక్కటే చదివాను. తడబడతానేమోనని భయంతో రెండోసారీ చదివాను.

"అయింది అన్నా," అన్నాడతను.

నా ప్రాణం లేచొచ్చింది. ఫోన్ ఆవిడ చేతికి రాగానే, "చూసినవా, ఎట్ల చేయించిన!" అని నవ్వాను. ఆమె నవ్వలేదు.

"రేపు బతికి బయటపడ్తే ముందుగాల ఈ నంబర్ మార్పిస్త," అంది. "నువ్వు సౌదీల ఉండుడేంది, నా పానం నీ ఫోన్ల ఉండుడేంది?"