ఇక్బాల్ బీ ఇయ్యని మిషన్

మక్తల్ దగ్గరి మా ఊళ్లో ముప్పై ఏళ్లు మంత్రసానిగా ఉన్న ఇక్బాల్ బీకి అక్షరాలు రావు. అంకెలు మాత్రం వచ్చు. ఆమె భర్త ఖాసిం గడియారాలు బాగుచేసేవాడు. ఎనభైల్లో ముల్లులేని గడియారాలు కొత్తగా వచ్చినప్పుడు, వాటిలోని నల్లగీతల అంకెలను అతని పక్కన కూర్చుని చూసి చూసి నేర్చుకుంది.

తొంభై ఐదులో ఒక సంస్థ మంత్రసానులకు శిక్షణ ఇచ్చి, అలాంటి అంకెలే చూపే బీపీ మిషన్లు పంచింది. పై అంకె నూట నలభై దాటితే గర్భిణిని దవాఖానకు పంపాలని చెప్పింది. నెల తిరక్కుండానే ఆ సంస్థ సూపర్‌వైజర్ ఐలేశం వచ్చాడు.

"చదువురానోళ్ల దగ్గరుంటే ఖరాబైతదంటున్నరు. మిషన్ ఇచ్చెయ్ బీబీ."

"జర చెయ్యి ఇటియ్యి సార్." అతని చేతికి పట్టీ చుట్టి మీట నొక్కింది. "నూట ముప్పై రెండు. కింద ఎనభై నాలుగు. తప్పైతే చెప్పు."

తప్పు కాలేదు. అయినా బుధవారం జీపు తెస్తానని చెప్పి వెళ్లాడు.

మంగళవారం పొద్దున ఇక్బాల్ బీ, గుర్వమ్మ కోడలు సాలమ్మను చూడబోయింది. ఎనిమిదో నెల. పాదాలు ఉబ్బి మెట్టెలు వేళ్లలోకి దిగిపోయాయి. మిషన్ నూట అరవై నాలుగు చూపింది. కాసేపు పడుకోబెట్టి మళ్లీ చూస్తే ఇంకో రెండు పెరిగింది.

"నీళ్లు పట్టినయ్, కాన్పైతే పోతయ్. నాకు గిట్లనే అయింది," అంది గుర్వమ్మ.

"అప్పుడు నా చేతుల ఇది లేకుండె. ఇప్పుడున్నది. చూసినంక నేను ఊకోను."

మందతో పోయిన కొడుకు వచ్చేదాకా ఆగమంది గుర్వమ్మ. ఇక్బాల్ బీ ఆగలేదు. మిషన్ సంచిలో వేసుకుని, సాలమ్మ చెయ్యి పట్టుకుని పాలమూరు బస్సెక్కించింది. గుర్వమ్మ గొణుక్కుంటూ వెనకే ఎక్కింది. అక్కడి దవాఖానలో డాక్టరమ్మ చూసి వెంటనే చేర్చుకుంది. ఇంట్లోనే ఉంచితే ఫిట్స్ వచ్చేవని చెప్పింది. పదకొండో రోజున ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోలైనా లేదు. కానీ తల్లీ బిడ్డా బతికారు.

ఆ బుధవారం జీపు వచ్చేసరికి ఇక్బాల్ బీ మిషన్‌తో పాలమూరులోనే ఉంది. జీపు ఉత్తగానే తిరిగిపోయింది. మరుసటి నెల మళ్లీ వచ్చింది.

"మా ఊరికి నర్సమ్మను తెండ్రి, ఆమె చేతుల పెడ్త," అంది ఇక్బాల్ బీ. "గప్పటిదాంక ఇయ్య."

ఐలేశం గొంతు పెంచాడు. గుర్వమ్మ వచ్చి ఇక్బాల్ బీ గడపలో కూర్చుంది.

"మిషన్ ఏడికీ రాదు సార్. మీరు పోండ్రి."

నర్సమ్మ రావడానికి నాలుగేళ్లు పట్టింది. ఆలోపు ఇక్బాల్ బీ తొమ్మిది మందిని పాలమూరు బస్సెక్కించింది. ఆరిళ్లల్లో వద్దన్నారు. ఆమె వినలేదు.