బస్సు కండ్లకు కొబ్బరినూనె

ఒక్క కొబ్బరినూనె సీసాతో నిక్షేపంలాంటి బస్సును గుడ్డిదాన్ని చేసి, ఒక ఆడబిడ్డ రెండేండ్ల కష్టాన్ని గంగల కలపబోయి, పైనుంచి మా జిల్లా మంచు పరువు కూడా తీసిన మనిషిని మీరు ఇంతవరకు చూసి ఉండరు. ఇగ చూడుండ్రి. నా పేరు నర్సింలు. ఇది మూడు చలికాలాల కిందటి మాట. అప్పుడు నాకు నలభై నాలుగేండ్లు. తెలివి మాత్రం అంతకు రెండింతలున్నదని నా నమ్మకం.

పటాన్‌చెరులో ఇరవై ఏండ్లు ఫ్యాక్టరీ షిఫ్టు బస్సు నడిపిన. ఆ ఫ్యాక్టరీ మూతబడ్డాక, రుద్రారం దాటినాక కంచె వేసిన మైదానంలో ఎవరో డ్రైవర్ లేని బస్సును పరీక్షిస్తున్నరని తెలిసి పని అడగబోయిన. డ్రైవరే అక్కరలేని బస్సు కాడికి డ్రైవర్ పోవుడంటే బోడిగుండ్ల ఊరికి దువ్వెనలు అమ్మబోయినట్టే. అయినా పని దొరికింది. లోపల కూసోవాలె, తేడా వస్తే ఎర్ర బటన్ ఒత్తాలె, రోజూ బస్సు కండ్లు తుడవాలె. కండ్లంటే ముందర రెండు కెమెరాలు, నెత్తిమీద లోటా బోర్లించినట్టు ఇంకొక యంత్రం.

ఆ బస్సుకు నడక నేర్పింది దుర్గ మేడం. వాళ్ల నాయన గోదావరి దిక్కు నుంచి ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీ కొలువుకొచ్చి ఉండిపోయిండు. ఆమె పుట్టి పెరిగింది ఇక్కడే అయినా మాట మాత్రం అక్కడిదే. నన్ను నోరారా బాబాయ్ అని పిలిచేది.

ఎండలో బస్సు బాగనే నడిచింది. మిగిలింది చలికాలం మంచు. బెంగళూరు నుంచి పెద్ద సారు వస్తడు, పొద్దుటి మంచులో బస్సును చూస్తడు. నడిస్తే, తెల్లారుజామున మెయిన్ రోడ్డు మీద దిగే కాలేజీ పిల్లలను హాస్టళ్లకు చేర్చే పని ఆ బస్సుకు ఇస్తరు. నడవకపోతే మైదానం ఖాళీ చేసి, సామాను ఇంకో రాష్ట్రానికి. మేడం రెండేండ్ల పని ఆ ఒక్క పొద్దు మీద ఉన్నది.

ముందురోజు సాయంత్రం మేడం నాకు మెత్తటి గుడ్డ ఇచ్చి, "బాబాయ్, అద్దాలమీద ఒక్క నీటిచుక్క కూడా నిలవకూడదండీ" అన్నది. అంతే అన్నది పాపం. పొడిగుడ్డతో తుడిచి ఇంటికి పోతే ఈ కథే లేదు. కానీ నాకు ఇరవై ఏండ్ల అనుభవం ఉండె కదా. వానాకాలం వైపర్ పనిచేయకుంటే అద్దానికి పొగాకు రుద్ది బస్సు నడిపినోణ్ని. నూనె రాసిన నెత్తిమీద నీళ్లు నిలుస్తయా? నిలవవు. మా ఆవిడ తెమ్మన్న కొబ్బరినూనె సీసా సంచిలనే ఉన్నది. ఇంకేం కావాలె? కందకు లేని దురద కత్తిపీటకెందుకని పెద్దలు ఊరికే అనలేదు. బస్సుకు లేని బాధ నాకెందుకు?

కంటికొక చెంచా చొప్పున మర్దన చేసిన. నెత్తిమీది లోటాకు రెండు చెంచాలు, పెద్దది కదా. ఆ ఎండకు బస్సు నలుగు పెట్టిన పెండ్లికొడుకు లెక్క మెరిసింది. నీళ్లు చల్లి చూస్తే సర్రున జారినయి. మేడం దూరం నుంచి చూసి, అంత మెరుపు ఎట్ల తెచ్చిండ్రని అడిగితే, "అనుభవం మేడం" అని మీసం దువ్విన.

తెల్లారి చలికి పండ్లు టకటక కొట్టుకుంటున్నయి. మంచు ఎంత అంటే, నా చేతిలో ఉన్న చాయ్ గ్లాసు నాకే కనబడక సగం చాయ్ మీసానికి తాగించిన. అద్దాలు చూసిండ్రా అని మేడం అడిగితే, చూడకుండనే కాగితం మీద టిక్కు కొట్టిన. మఫ్లర్ చుట్టుకొని పెద్ద సారు వచ్చిండు. ఆయనకు తెలుగు వస్తది గానీ నవ్వు రాదు.

బస్సును ఆన్ చేసిండ్రు. లోపలి ఆడగొంతు మర్యాదగ, "ముందు అడ్డంకి ఉంది. దయచేసి వేచి ఉండండి" అన్నది. నేను దిగి వంద అడుగులు ముందుకు పోయి చూసొచ్చిన. కుక్కపిల్ల కూడా లేదు. మళ్ల అదే మాట. మేడం ఆపి, మళ్ల ఆన్ చేసింది. మళ్ల అదే. బస్సుకు ఏం కనబడుతున్నదో చూపే తెర మీద ముందరంతా సున్నం కొట్టిన గోడ లెక్క తెల్లగున్నది.

"మంచేనండి" అన్నది మేడం. "కానీ ఇంతకన్నా ఎక్కువ మంచుకే తయారు చేశానండి."

ఆమెను కాపాడుదామని నా నోరు లేచింది. అది లేచిందంటే కూసోదు.

"సార్, ఇది మామూలు మంచు కాదు. జిన్నారం దిక్కు నుంచి వచ్చే మంచు. ఒకసారి మా షిఫ్టు బస్సు దీంట్లకు దూరింది. ఎక్కింది యాభై మంది, దిగింది నలభై తొమ్మిది మంది. ఒకాయన మంచుకు అంటుకొని ఉండిపోయిండు. ఎండ పొడిచినాక రాలిండు."

సారు నవ్వలేదు. పుస్తకం తీసి రాసుకున్నడు. ఈ మంచు ఎన్ని రోజులుంటదని అడిగిండు. నాలుగు నెలలు అన్న. మిషన్లు తట్టుకుంటయా అన్నడు. రోడ్డు రోలరే దండం పెట్టి వెనక్కి పోయిందని చెప్పిన. ఎంత పెద్ద మంచైతే మేడం తప్పు అంత చిన్నదైతదని నా లెక్క.

సారు పుస్తకం మూసిండు. "అయితే ఈ ప్రాంతం ఈ బస్సుకు పనికిరాదు. దుర్గా, మధ్యాహ్నం నుంచి సామాను సర్దించండి."

మేడం పోయి బస్సు తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డది, అత్తగారింటికి పోయే పిల్లను సాగనంపినట్టు.

ఏం చేయాలో తోచక, గుడ్డ తీసి కెమెరా తుడవబోయిన. వేలు మెత్తగ దిగబడ్డది. చూస్తే గోటి నిండ తెల్లగ, పేరిన నెయ్యి లెక్క. వాసన చూసిన. చలికాలం పొద్దున కొబ్బరినూనె సీసాను ఎండల పెట్టనిదే చుక్క రాలదని మా ఇంట్ల పిల్లికి కూడా తెలుసు. నాకే తెలవకపాయె.

చెప్తే నా కొలువు పోతది. చెప్పకుంటే ఆమె రెండేండ్లు పోతయి. సారు అప్పటికే కారు తలుపు తీసిండు. ఉరికిన.

"సార్, తప్పు మంచుది కాదు, నాది. కండ్లకు నూనె రాసిన."

"ఎవరి కండ్లకు?"

"బస్సు కండ్లకు."

"ఏం నూనె?"

"కొబ్బరి సార్. కల్తీ లేనిదే."

సారు మళ్ల పుస్తకం తెరిచిండు. "మరి, మంచుకు అంటుకున్న ఆయన?"

"ఆయన లేడు సార్."

మేడం నా దిక్కు తిరిగి, "నర్సింలు గారూ" అన్నది. బాబాయ్ అనలేదు. చెంపమీద కొట్టినా అంత మండకపోవు.

సారు అరగంట ఇచ్చిండు. గేటు కాడ చాయ్ అమ్మే ఖాజా భాయ్ వేడినీళ్ల కెటిల్ పట్టుకొని వచ్చి, "క్యా నర్సిం భాయ్, బస్సుకు తలస్నానమా?" అన్నడు. మేడం చెప్పినట్టు గోరువెచ్చటి సబ్బునీళ్లతో మూడు కండ్లూ కడిగి, పొడిగుడ్డతో తుడిచిన.

ముగ్గురం ఎక్కి కూసున్నం. ఈసారి బస్సు మెల్లగ కదిలింది. అద్దం అవతల తెల్లటి చీకటి. సగం దూరం పోయినాక టక్కున ఆగి, "ముందు అడ్డంకి ఉంది" అన్నది. సారు జేబులోంచి పెన్ను తీసిండు. మేడం నన్ను చూసింది. ఈసారి నేనేం రాయలేదని దండం పెట్టబోతుంటే మంచులోంచి రెండు కొమ్ములు, వాటి ఎనుక ఒక బర్రె, దాని ఎనుక ఇంకో మూడు వచ్చినయి. ఎక్కడో కంచె తెగినట్టున్నది. ఇరవై ఏండ్ల అనుభవానికి కనబడని బర్రె బస్సుకు కనబడ్డది. బర్రెలు తీరిగ్గ దాటినాక, ఎవరూ చెప్పకుండనే బస్సు తన దారిన తను పోయింది. మేడం కండ్లు తుడుచుకున్నది. సారు పెన్ను జేబుల పెట్టిండు.

దిగినాక సారు మేడంను ఒకటే అడిగిండు. అద్దానికి జిడ్డు అంటితే బస్సుకు అది గోడ లెక్క ఎందుకు కనబడ్డది? రేపు కాకి రెట్ట వేసినా ఇట్లనే ఆగుతదా? మేడం తల గోక్కున్నది. ఆ పరీక్ష ఎవరూ పెట్టలేదు. అద్దానికి నూనె రాసేంత తెలివైనోడు ఉంటడని ఎవరు అనుకుంటరు? నెల తిరిగేలోపల ఆమె బస్సుకు కొత్త మాట నేర్పింది. ఇప్పుడు కంటికి ఏమన్నా అంటితే, "నా అద్దం మురికిగా ఉంది, తుడవండి" అంటది. మైదానం ఎక్కడికీ పోలేదు. మంచులో హాస్టల్ పిల్లలు ఆ బస్సులోనే కునుకు తీస్తూ పోతున్నరు.

నా కొలువు కూడా పోలేదు. పెరిగింది. ప్రతి చలికాలం కొత్త బస్సు రాంగనే మేడం కాగితం మీద సంతకం పెట్టి, దాంతోపాటు సీసా చేతికిచ్చి, "కానివ్వండి బాబాయ్" అంటది. నేను కంటికొక చెంచా మర్దన చేస్త. బస్సు నన్ను తిడితే పాస్, తిట్టకపోతే ఫెయిల్.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్న: మేడం సంతకం పెట్టిన కాగితం చేతిల పడకుండ ఈ జన్మల ఏ కంటికీ నూనె రాయ. ఆఖరికి నా నెత్తికి కూడా.