గోడ రాళ్ల సందులో తెల్లపువ్వు

పోలీస్ యాక్షన్ జరిగిన ఏడాది, కార్తీక పున్నమి మరునాడు, ఉదయం ఎనిమిది గంటలకు, కూలిన మా గోడ రాళ్ల మధ్య రెండు పూలు విచ్చుకున్నాయి. సమయం ఎలా తెలుసంటే, ఇబ్రహీంపట్నం ఠాణాలో గంట కొట్టేవారు. మా ఇంట్లో గడియారం లేదు, ఉన్నా చూడటం ఎవరికీ రాదు. నాకు అక్షరాలు వచ్చిందే అరవై దాటాక.

అప్పుడు నాకు పదేళ్లు. ఆ వానాకాలం ఊళ్ల మీద దాడులు జరుగుతున్నాయని గుట్టల్లోకి పోయి, ఒక పెద్ద బండ కింద నెల పైన తలదాచుకున్నాం. ఆ బండ పగులులో ఒక మొక్క ఉండేది. అరచేతి వెడల్పున రాతికి అంటుకుని పాకేది. సూదుల్లాంటి ఆకులు, గోరంత తెల్ల పూలు, ఐదు రేకులు. దాని పేరు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. కింద ఊళ్లలో ఏం జరుగుతున్నా అది పూస్తూనే ఉండేది. అమ్మ పొద్దున లేస్తూనే దాన్ని చూసేది.

గడబిడ అణిగాక ఇంటికొస్తే, వానలకు ముందుగోడ కూలి రాళ్ల కుప్పయి ఉంది. బాపు ఆ కుప్ప మీద కూలబడ్డాడు.

"ఇగ ఈడ ఏమున్నదే? పట్నం పోయి కూలి చేసుకుందాం."

అమ్మ కొంగు ముడి విప్పింది. అందులో ఆ మొక్క.

"ఇది ఈడ పూసిందనుకో, మనం ఈడనే ఉందాం. సచ్చిందనుకో, నువ్వు ఎటంటె అటు వస్త."

"నేను ఏడుండాల్నో గడ్డిపోచ చెప్తదా?"

"నీకంటె అదే నయం."

బాపు నవ్వాడు. కార్తీక పున్నమి దాకా గడువు పెట్టాడు. అమ్మ ఆ మొక్కను రాళ్ల కుప్ప పక్కన నాటింది.

పట్నం పోతే మా బర్రెను అమ్మేస్తారు. నాకదే బాధ. అందుకే ఎవరికీ చెప్పకుండా మొక్కకు సేవ మొదలుపెట్టాను. మాది సేద్యం చేసే ఇల్లు. ఏది పెరగాలన్నా పెంట, నీళ్లు, ఇంతే తెలుసు. బర్రె పెంట తెచ్చి దాని మొదలు చుట్టూ వేశాను. చెరువు నల్లమట్టి కప్పాను. పూటకో చెంబెడు నీళ్లు. పది రోజులకు ఆకులు పసుపుబారాయి, మొదలు మెత్తబడింది.

కుప్పలోని రాళ్లు పనికొస్తాయేమో చూసుకోవడానికి రాళ్లు కొట్టే మామ వచ్చాడు. ఏడుస్తున్న నన్ను చూశాడు.

"ఏందే పిల్లా, ఎవలు సచ్చిన్రు?"

మొక్కను చూపించాను. ఆయన మట్టి తీసి వాసన చూశాడు.

"పెంట పెట్టినవా? నీ పాడుగాను! బండల పుట్టినదానికి పెంట పెడ్తరా ఎవలన్న?"

"మరి అదేం తింటది మామా?"

"రాయి తింటది. జర ఆ సుత్తె అందియ్యి."

కుళ్లినదంతా గిల్లేస్తే బొటనవేలంత ముక్క మిగిలింది. దాని వేళ్లు కడిగాడు. రెండు గోడ రాళ్లను వాలుగా నిలబెట్టి, సందులో మొరం, రాతిపొడి నింపి, ఆ ముక్కను కూర్చోబెట్టాడు. తడి మొదలుకు అంటకుండా చుట్టూ రాతి పెచ్చులు పేర్చాడు.

"ఒక్కసారి నీళ్లు పోసినం. ఇగ చెంబు ముట్టినవంటె చేతులు ఇరగ్గొడ్త. మంచు చాలు దీనికి."

ఏమీ చేయకుండా కూర్చోవడమంత కష్టమైన పని నేను అంతకుముందు చేయలేదు.

పున్నమి వచ్చింది. రెండు మొగ్గలు ఉన్నాయి గానీ విచ్చుకోలేదు. బాపు మూటలు కట్టాడు. తెల్లారి బర్రెను కొనే మనిషి కోహెడ నుంచి వచ్చి తాడు పట్టుకున్నాడు. రాళ్లు తీసుకుపోవడానికి మామా వచ్చాడు. ఠాణా గంట ఎనిమిది కొట్టింది.

"ఏమయ్యా, జర ఇటు రా" అంది అమ్మ.

బాపు వచ్చి చూశాడు. "గడువు నిన్ననే అయిపోయింది."

"అవ్. అయిపోయింది" అంది అమ్మ.

బాపు వంగాడు. చాలాసేపు లేవలేదు. లేచాక నేరుగా వెళ్లి కోహెడ మనిషి చేతిలోంచి తాడు తీసుకున్నాడు.

"ఏమనుకోకు అన్నా. అమ్మేది లేదు."

మామ వైపు తిరిగాడు. "గోడ ఆ మూలకెళ్లి మొదలువెడ్దాం. ఈ రెండు రాళ్లు మాత్రం కదిలియ్యకు."

మా గోడ అక్కడ ఇప్పటికీ వంకరగానే ఉంటుంది. ఎండల్లో ఆ మొక్క చచ్చినట్టే కనిపిస్తుంది, వానకు మళ్లీ చిగురిస్తుంది. చెంబు మాత్రం ఎవరినీ ముట్టనివ్వను.

ఆ ఉదయం అక్కడున్నది అమ్మ, బాపు, రాళ్లు కొట్టే మామ, వట్టి చేతులతో నిలబడ్డ కోహెడ మనిషి, నేను, మా బర్రె.