మూక అన్న ఒక్క మాట

మొన్న భోపాల్‌పట్నం చదువుగదిలో రెండు పత్రికలు పక్కపక్కన పరిచి ఉన్నాయి. ఒకే వాగు ఒడ్డున, అవే గుడిసెల్లో ఉంటున్న మనుషుల్ని ఒకటి ‘ఆక్రమణదారులు’ అంది, రెండోది ‘అడవితల్లి బిడ్డలు’ అంది. రాసిన ఇద్దరిలో ఒక్కడూ ఆ వాగు దాటి చూడలేదని మొదటి వాక్యానికే తెలిసిపోయింది. నా ఈడు వాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

బస్తరు సంస్థానం రోజుల్లో నేను బడికి పోయింది తక్కువే గాని, ఒక కలప వ్యాపారి తన కొట్టు వెనక పెట్టిన గ్రంథాలయంలో నిఘంటువుతో సహా అన్నీ చదివేసినవాణ్ణి, ఆ గర్వం నాకిప్పటికీ ఉంది. గోదావరి దాటి వారం పాతబడి వచ్చే పత్రికను ఊరికి చదివి వినిపించేది నేనే. ఒక ఏడు వెట్టికి దుంగలు మోయాలని హుకుం వస్తే, మా మేనమామా ఆయనతో పాటు కొందరు దోర్ల తెగ రైతులూ అటవీ డిపో ముందు నోరెత్తకుండా కూర్చుని, పొద్దుగూకాక లేచి వచ్చారు. జరిగింది అంతే. గోదావరి అవతలి పట్టణంలో కుర్చీ దిగని ఒక సంపాదకుడు, దొరల పక్షం వాడు, ‘అటవీ డిపోపై మూక దాడి’ అని పెద్దక్షరాల్లో వేశాడు. ఆ ముక్క పట్టుకుని మామను ఠాణా హవాలాత్‌లో పెట్టి, జగ్దల్‌పూర్ జైలుకు పంపాలా వద్దా అని కచేరీలో విచారణ పెట్టారు.

ఏళ్ల తరబడి మా మధ్య ఉద్యోగం చేస్తూ తెలుగు వింటే కొంత అర్థమైనా అక్షరం ఒక్కటీ నేర్వని తహసీల్దారుకు పత్రిక చదవడానికి నన్నే పిలిచారు. ‘మూక’ దగ్గర ఆయన ఆపాడు. హిందీలో ఆ మాటకు మూగ అని అర్థం. మూగవాళ్లు దాడి చేశారా అని నొసలు చిట్లించాడు. తెలుగులో గుంపు అని నేను చెప్పబోతే, మామ నన్ను కళ్లతోనే ఆపి తనే అందుకున్నాడు.

“ఔ సాబ్, మూగోళ్లమే. నోరుంటే ఆ రాసెటాయన మమ్ముల ఒక్క మాటన్న అడగకపోవునా? కూసున్నం, పొద్దుగూకినంక ఇంటికి పోయినం. మీ జవానునే అడుగుండ్రి.”

డిపో కాపలా జవాను, చెయ్యెత్తడం కాదు గదా ఎవరూ కేకైనా వెయ్యలేదని ఒప్పుకున్నాడు. తహసీల్దారు నవ్వాపుకుంటూ మామను వదిలేశాడు.

మరుసటి వారం ఇంకో పత్రిక వచ్చింది, ప్రజల పక్షమని చెప్పుకునేది. ‘బస్తరు అడవిలో ప్రజాగర్జన’ అట. అది వినిపిస్తే మామ చుట్ట తీసి, “గర్జించింది ఎవడ్రా అల్లుడా, నా పక్కన కూసున్నోడు తుమ్మనీకె కూడ జంకిండు” అన్నాడు. ఒకడు మా వాళ్లను దుండగుల్ని చేశాడు, ఇంకొకడు సింహాల్ని చేశాడు. మామూలు మనుషులుగా మాత్రం ఇద్దరికీ పనికిరాలేదు.

అయినా ఆ రోజులకు ఒక మేలుండేది. పత్రిక మాట మా దాకా రావడానికి వారం పట్టేది. ఈలోగా జరిగిందేమిటో ఊరందరికీ తెలిసి ఉండేది గనక, ఆ అబద్ధాన్ని చూసి నవ్వుకోగలిగాం. ఇప్పుడు పక్క వీధిలో ఏం జరిగిందో మా మనవలు ఫోనులో శీర్షిక చూసి నాకు చెబుతారు. నేను అక్కడే ఉన్నాను నాయనా అంటే, ఒకసారి నా వైపు చూసి, మళ్లీ ఫోనులోకే చూస్తారు.